ఇసుక బకెట్లో నాటిన కర్ర

వల్లూరు సోలార్ పార్కు గేటు దగ్గర నిలబడే నాగరాజకు ఒక పేరుందన్న సంగతి చాలామందికి తెలియదు. జీపు వస్తూనే లోపలి నుంచి 'గేట్!' అని కేక పడుతుంది, అతను తీస్తాడు. మళ్లీ 'గేట్!' అంటారు, వేస్తాడు. పిలిచేది ఇనుప గేటునో అతన్నో పిలిచేవాళ్లకే తెలియదు. పావగడలో ఐటీఐ చదివి, ఎలక్ట్రీషియన్ సర్టిఫికెట్ ట్రంకుపెట్టె అడుగున దాచుకున్న మనిషికి దొరికిన పని ఇది. పోనీలే, ఏదో ఒకటి దొరికింది కదా అని సర్దుకున్నాడు. ఊళ్లో అది కూడా దొరకనివాళ్లు ఎంతమంది లేరు!

ఆ గేటు నిలబడిన చోటు ఒకప్పుడు వాళ్ల చెనిక్కాయల చేనే, వేరుశెనగ పండేది. పార్కు వచ్చినప్పుడు ఊరంతా భూములు లీజుకిచ్చింది, వాళ్ల నాయన బొమ్మన్న కూడా వేలిముద్ర వేశాడు. పైరు పోయిన చోట నల్లటి అద్దాలు లేచాయి, కంటికి ఆనినంత మేరా అవే. అద్దాలు కడిగే పనికి ఆడవాళ్లు, కాపలాకు మొగవాళ్లు కుదిరారు. బొమ్మన్న మాత్రం ఏ పనికీ కుదరలేదు. తాతల నాటి నుంచి గొర్రెల వెనక నడిచిన వంశం, మంద కరిగి కరిగి పిడికెడు గొర్రెలు మిగిలినా వాటిని వదల్లేదు. భుజాన నల్ల కంబళి, చేతిలో ఇనుప పొన్ను వేసిన కర్ర, అంతే ఆ మనిషి ఆస్తి.

ఇక్కడ వాళ్ల బెడగులో, అంటే వాళ్ల వంశపు శాఖలో ఉన్న ఒక పద్ధతి చెప్పుకోవాలి, లేకపోతే తర్వాత జరిగిన ఘోరం అర్థం కాదు. కాపరి చనిపోతే మూడో నాడు కొడుకు ఆ కర్రను తీసుకుపోయి గోరీ తలాపున నాటుతాడు. నాటుతూ తండ్రి పేరు మూడుసార్లు పిలుస్తాడు. దాంతో ఆ మనిషి పెద్దల్లో కలిసిపోయినట్టు. ఆ తర్వాత ఇంట్లో ఎవరూ ఆ పేరు ఎత్తరు, ఎత్తితే వచ్చి గడపలో కూర్చుంటాడని భయం. ఏడాదికోసారి పెద్దల అమావాస్యకు మాత్రం కొడుకు తళిగెలో, అంటే కంచంలో, సంగటి పెట్టి, పేరు చెప్పి, వెనక్కి తిరిగి నిలబడతాడు. పెద్దలు తింటుండగా చూడకూడదు. తాత మారెప్ప పోయినప్పుడు బొమ్మన్న కర్ర నాటడం నాగరాజ పక్కనే నిలబడి చూశాడు. మూడోసారి పిలిచేటప్పుడు నాయన గొంతు జీరపోయింది. అంత గట్టి మనిషి గొంతు అలా పోవడం నాగరాజ మళ్లీ వినలేదు.

పద్ధతులు సరే, కడుపు సంగతి వేరు. అద్దాలు కడిగిన నీళ్లు కిందికి కారి, పార్కు లోపల పచ్చగా గడ్డి మొలుస్తుంది. చుట్టూ ఊళ్లన్నీ ఎండి బీటలు వారుతుంటే అక్కడ మాత్రం పచ్చదనం. గొర్రెలకు కంచె తెలుస్తుందా, లీజు తెలుస్తుందా? తీగల మధ్య మూతులు దూర్చి అరుస్తాయి. బొమ్మన్న రోజూ మందను ఆ కంచె వెంబడే తోలుకొచ్చేవాడు. లోపలికి వదలమని అడిగేవాడు కాదు. ఊరికే కర్ర మీద గడ్డం ఆనించుకుని ఒకప్పటి తన చేను వైపు చూస్తూ నిలబడేవాడు.

పశువులు లోపలికొస్తే వైర్లు కొరుకుతాయని ఆఫీసు వాళ్ల హుకుం. తరమాల్సింది ఎవరు? గేటు! మొదటిరోజు నాగరాజ మొహం పక్కకు తిప్పుకుని ఈల ఊదాడు. బొమ్మన్న నవ్వాడు. కొడుకు ఊదే ఈల కూడా ముద్దే ఆ వెర్రి మనిషికి. కానీ ఒకరోజు సూపర్‌వైజర్ వెనకే నిలబడి, ఈల ఊది మురిపిస్తున్నావా అని నలుగురిలో తిట్టేసరికి నాగరాజ వంగి రాయి తీసుకుని విసిరాడు. అది ఒక గొర్రెపిల్ల కాలికి తగిలింది. బొమ్మన్న పిల్లను ఎత్తి భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. ఆ రాత్రి ఇంట్లో పిల్ల కాలికి పసుపు కట్టు కట్టి ఉంది. నాగరాజ దాన్ని దాటుకుని పోయి అన్నం తిన్నాడు.

ఆ ముసలాయన తన నాయన అని నాగరాజ పార్కులో ఎవరికీ చెప్పలేదు. సిగ్గు. ఇంకే కారణమూ లేదు, వెతకొద్దు.

ఇలాంటి నాగరాజకు ఒక ఆట దొరికింది. కంట్రోల్ రూములో మధుకుమార్ అని ఇంజినీరు ఉండేవాడు. పావగడ వాడే, బెంగళూరులో చదివేటప్పుడు అక్కడి స్నేహితుల దగ్గర ఒక వింత ఆట నేర్చుకొచ్చాడు. బల్ల చుట్టూ కూర్చుని ఆడేది. బోర్డు లేదు, పేకముక్కలు లేవు. ఒకడు కథ నడుపుతాడు, మిగతావాళ్లు తలా ఒక వేషం కట్టినట్టు ఊహించుకుని, నేను తలుపు తీస్తా, నేను కత్తి దూస్తా అని చెబుతారు. జరిగిందా లేదా అని ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. ఆదివారం మధ్యాహ్నాలు, సామాను షెడ్డులో, ఇంజినీర్లకు పొద్దుపోక మొదలైన ఆట అది. మధుకుమార్ కథ నడిపేవాడు. కంప్యూటర్ ముందు కూర్చునే వినుత, మంగళవాడ అమ్మాయి, విలుకత్తె. వైర్ల పని చేసే గోపాలకృష్ణ కత్తివీరుడు. నాలుగో మనిషి తక్కువై, గేటు దగ్గరున్న నాగరాజను పిలిచారు. మిగిలిన వేషం ఒకటే, నెక్రోమాన్సర్. చచ్చినవాళ్లను లేపి పని చేయించుకునే మంత్రగాడు. ఎవరూ ముట్టుకోని వేషాన్ని అతని మొహాన కొట్టారన్నమాట.

ఏమైందో చూడండి. మొదటి ఆదివారం నాగరాజకు నోరు పెగల్లేదు. రెండో ఆదివారం ఒక అస్థిపంజరాన్ని లేపాడు. మూడో ఆదివారానికి ఆ షెడ్డులో ముగ్గురు చదువుకున్నవాళ్లు మెడలు చాచి, నాగరాజా ఇప్పుడేం చేస్తావు అని అతని నోటి వంక చూస్తున్నారు. పేరు పెట్టి మరీ! పుట్టి బుద్ధెరిగాక అతని మాట కోసం ఎవరైనా ఎదురుచూడటం అదే మొదలు. అది అతని నెత్తికెక్కింది. వారమంతా గేటు తీసేవాడు, వేసేవాడు, మనసు మాత్రం ఆ బల్ల దగ్గరే. ఆ బల్ల దగ్గరి చోటు పోతే తను మళ్లీ ఇనుప గేటే అని అతనికి బాగా తెలుసు.

కథ ఒక రాజు సమాధి దాకా వచ్చింది. అక్కడ మధుకుమార్ ఒక నియమం పెట్టాడు. సమాధిలోకి దిగే ముందు ఒక్కొక్కరు తమ వేషానికి మూడు మహిమ గల వస్తువులు ఎంచుకోవాలి. ఆట పుస్తకంలోవి తీసుకున్నా సరే, సొంతంగా కల్పించినా సరే, మూడూ ఒకే ఇంట్లోంచి వచ్చినట్టుండాలి. వీలైతే చేతిలో పట్టుకోవడానికి నిజం వస్తువే తేవాలి. ఎవరి ఎంపిక బాగుంటే సమాధిలో వాళ్లే ముందు నడుస్తారు. ఎవరిది తేలిపోతే వాళ్ల వేషం సమాధి గుమ్మం దగ్గరే చచ్చిపోతుంది, వాళ్లు బల్ల మీంచి లేవాల్సిందే.

లేవాల్సిందే అన్న మాట విన్న దగ్గర్నుంచి నాగరాజకు వేరే ధ్యాస లేదు.

మధుకుమార్ ఫోనులో పంపిన పుస్తకంలో మంత్రగాళ్ల వస్తువులు కుప్పలు తెప్పలుగా ఉన్నాయి. పుర్రె పిడి ఉన్న దండం ఉంది, గబ్బిలాల రెక్కలు కుట్టిన అంగీ ఉంది, ప్రాణం పీల్చే ఉంగరం ఉంది. గేటు దగ్గర కుర్చీలో కూర్చుని ఒక్కొక్కటే చూశాడు. ఉంగరం మీద రెండు రోజులు మనసు నిలిచింది. కానీ ఆ ఉంగరానికీ దండానికీ పొత్తు ఏంది? అంగీ ఒక రాజుది, ఉంగరం ఒక దొంగది, దండం ఇంకెవరిదో. ఏది చూసినా జాతరలో నాటకం వాళ్ల పెట్టెలోంచి తీసినట్టే ఉంది. చచ్చినవాడు లేచి రావాలంటే తనదైన వస్తువు ఏదో కనబడాలి కదా, ఎవరిదో పుర్రె చూసి ఎందుకు లేస్తాడు? ఒకే ఇంట్లోంచి వచ్చినట్టుండాలి అన్న మాట చెవిలో గింగురుమంటూనే ఉంది. తల ఎత్తితే కంచె అవతల నాయన. చేతిలో కర్ర, భుజాన కంబళి. పక్కన గొర్రెలు.

అంతే, బుర్ర చకచకా పనిచేసింది. కర్ర, ఎవరి పేరు పిలిచి నాటితే వాళ్లు లేచి వస్తారు. కంబళి, కప్పుకున్నవాడు బతికున్న మనుషుల కంటికి ఆనడు. ఇది కల్పించడానికి అతను కష్టపడనే లేదు. ఆ కంబళి మనిషిని జీపుల్లో పోయేవాళ్లు ఏనాడు చూశారు గనుక! మూడోది ఇంట్లో మేకుకు తగిలించిన గంట. తాత మారెప్ప మందలో ముందు నడిచిన పొట్టేలు మెడది. ఆ గంట మోగిస్తే లేచినవాళ్లు గొర్రెల్లా వెనకే నడుస్తారు. మూడూ ఒక్క ఇంటివి, ఒక్క చావుకు సంబంధించినవి. ఎంత బాగా కుదిరాయో తలుచుకుని కుర్చీలోంచి లేచి అటూ ఇటూ తిరిగాడు.

ఆదివారం పొద్దున నాయనకు అబద్ధం చెప్పాడు. కర్ర పొన్ను వదులైంది, సైటులో వెల్డింగు చేయిస్తానన్నాడు. బొమ్మన్న ఆ కర్రను ఎవరి చేతికీ ఇచ్చే మనిషి కాదు. కానీ ఆ రాయి పడిన రోజు నుంచి కొడుకు ఎదురుపడి మాట్లాడింది అదే మొదలు. ముసలాయన మొహం వెలిగిపోయింది. కర్రను తుండుతో తుడిచి మరీ ఇచ్చాడు. కంబళి దండెం మీద ఉంది, గంట మేకుకు ఉంది. ఆ రెండూ అడగకుండానే సంచిలో వేసుకున్నాడు.

షెడ్డులో ముందు వినుత, గోపాలకృష్ణ తమ వస్తువులు చెప్పారు. వినుత అమ్ములపొది, చేతి తొడుగు, డేగ ఈక అంది. బాగున్నాయన్నారు. గోపాలకృష్ణవి మూడూ మూడు దారులు, అందరూ నవ్వారు, అతని కత్తివీరుడు గుమ్మం దగ్గరే చావడానికి సిద్ధమయ్యాడు. అప్పుడు నాగరాజ సంచి విప్పాడు. కంబళి పరిచి, దాని మీద గంట పెట్టి, కర్ర పట్టుకుని ఒక్కొక్కదాని మహిమ చెప్పాడు. వినుత కంబళి అంచు ముట్టుకుని చూసి, పేడ వాసన, పొగ వాసన, నిజంగానే చచ్చినోళ్ల వాసన అంది. మధుకుమార్ కళ్లు మెరిశాయి.

"థీమ్ బ్రహ్మాండంగా ఉండాది. కానీ ఇవి ఎవురివి? చచ్చిన కాపరి ఎవుడు? పేరు లేకుండా మనిషెట్లా లేస్తాడు నాగరాజా? పేరు పెట్టి లేపు, చూస్తాం."

నాగరాజ నోటి చివర తాత పేరే ఉంది. మారెప్ప. చచ్చింది ఆయనే, గంటా ఆయనదే. కానీ ఆ పేరు ఎత్తకూడదు, అమావాస్య కాని రోజున ఎత్తితే ఆయన నిజంగా లేచి వస్తాడు. చదువుకున్న మనిషే, అయినా భయం భయమే. బల్ల చుట్టూ అందరూ చూస్తున్నారు. బతికున్నవాళ్ల పేరు చెబితే ఏ దెయ్యమూ రాదు కదా, ఆటకేముంది అనుకున్నాడు. ఎంత తెలివి! ఆ క్షణంలో అది అతనికి జాగ్రత్తలాగే కనబడింది. మూలన నిప్పు ఆర్పడానికి పెట్టిన ఎర్ర బకెట్ ఉంది, దాన్నిండా ఇసుక. కర్రను అందులో దిగేసి, గంట మోగించి పిలిచాడు.

"బొమ్మన్నా."

గంట ఇంకోసారి మోగించాడు.

"బొమ్మన్నా."

మూడోసారి పిలిచేటప్పుడు, నాయన అప్పట్లో తాతను పిలిచినట్టే, గొంతు జీరపోనిచ్చాడు. నటనే, కానీ బాగా వచ్చింది. వినుత చేతుల మీద వెంట్రుకలు లేచాయి. అప్పుడే గుమ్మంలో నీడ పడింది.

బొమ్మన్న నిలబడి ఉన్నాడు. కర్ర వెల్డింగు అయిపోయుంటుంది, తీసుకుపోదామని, గేటు దగ్గర ఆపేవాళ్లు లేక నేరుగా లోపలికి వచ్చాడు. వెల్డింగు చేసిన ఆయనకు ఇద్దామని తుండులో ఉడకబెట్టిన చెనిక్కాయలు మూటగట్టుకుని తెచ్చాడు. మూట నుంచి ఇంకా ఆవిరి వస్తూ ఉంది. ఇసుకలో నాటిన తన కర్రను చూశాడు. పరిచిన తన కంబళిని చూశాడు. కొడుకు చేతిలో గంటను చూశాడు. మూడు పిలుపులూ విన్నాడని ఆ మొహమే చెబుతోంది.

"ఎవురు తాతా? ఏం కావాల?" అని మధుకుమార్ అడిగాడు.

"ఏం లేదు సామీ. ఎవురో కాపరి సచ్చిపోయినాడంటనే. సూసిపోదామని వచ్చినా."

గోపాలకృష్ణ పగలబడి నవ్వాడు. ముసలాయన కూడా ఆటలో కలిశాడనుకున్నారు. మధుకుమార్ నాగరాజ వైపు తిరిగి, ఈ పెద్దాయన కంచె దగ్గర తిరిగే ఆయనే కదా, నీకు తెలుసా అన్నాడు. తెలుసు, మా నాయన అని చెప్పడానికి ఎంతసేపు పడుతుంది? ఊపిరి పీల్చినంత. నాగరాజ నేల చూపులు చూస్తూ, "గొర్రెలాయన సార్" అన్నాడు.

బొమ్మన్న మూటను కిటికీ గూట్లో పెట్టి వెళ్లిపోయాడు. కర్ర అడగలేదు. సమాధిలో ముందు నడిచే గౌరవం నాగరాజకే ఇచ్చారు. వేషం పోయిన గోపాలకృష్ణ బల్ల వదిలి, పక్కన నిలబడి చూసేవాడయ్యాడు. ఆట సాగుతుండగా మధుకుమార్ మూట విప్పాడు, కాయలు ఇంకా వెచ్చగా ఉన్నాయి, ఉప్పు సరిపోయింది. అందరూ తిన్నారు. నాగరాజ కూడా తిన్నాడు.

సాయంత్రం కర్రా కంబళీ గంటా పట్టుకుని ఇంటికొచ్చేసరికి బొమ్మన్న గొర్రెల దొడ్డి దగ్గర పోయినవాళ్ల దిక్కు, దక్షిణం వైపు మొహం పెట్టి కూర్చుని ఉన్నాడు. నాగరాజ కర్ర తెచ్చి పక్కన ఆనించాడు. ముసలాయన అటు చూడలేదు. నాయనా, అది ఆట, ఊరికే అన్నాను, నిజం కాదు అని బతిమాలాడు. గోడతో చెప్పుకున్నట్టే ఉంది. నాటిన కర్రను చచ్చినవాడు ఎలా పట్టుకుంటాడు? పిలుపు అయిపోయిన మనిషి ఎలా పలుకుతాడు? బొమ్మన్నకు కోపం వచ్చి అలిగాడనుకుంటే పొరపాటు. ఆ మనిషి నిజంగానే అయిపోయాననుకున్నాడు.

ఇంట్లోంచి తల్లి రామాంజినమ్మ వచ్చింది. బొమ్మన్న ఇంటికొచ్చీ రాగానే ఆమెకు ఆ ఒక్క సంగతి చెప్పి నోరు మూసుకున్నాడు. ఆమె కొట్టలేదు, తిట్టలేదు. చేతులు ముందుకు చాపింది.

"మూడుసార్లు పిలిచి కర్ర నాటినావంట గదప్పా. ఇప్పుడు ఈ గాజులు ఉంచుకోవాల్నా, పగలగొట్టుకోవాల్నా? అదొకటి చెప్పు, నీకు పున్నెముంటాది."

తల కొట్టేసినట్టైంది నాగరాజకు.

ఆ వారం ఆ ఇంట్లో బతుకు బతుకు కాదు. గొర్రెలను రామాంజినమ్మ వేపకొమ్మ పట్టుకుని తోలుకుపోయేది. వాటికి ఆమె అదిలింపు తెలియదు, చెల్లాచెదురయ్యేవి, వెనక్కి తిరిగి దొడ్డి వైపే చూసేవి. బొమ్మన్న కంచె దగ్గరికి పోవడం మానేశాడు. పోయిన మనిషికి చేనెందుకు! కొడుకుతో మాట లేదు. రామాంజినమ్మ సంగటి ముద్ద ముందు పెట్టి, నాకు నువ్వు బతికే ఉండావు, తిను అని గొణిగితే ఆమె మొహం చూసి తినేవాడు. ఆమె పెట్టినంతకాలం ఆ ప్రాణం ఇంకా ఇటు వైపే ఉన్నట్టు. ఆ ఒక్క ఆశ మిగిలింది.

దారి కూడా ఆమే చెప్పింది. నలుగురి ముందర నాటిన కర్రను ఆ నలుగురి ముందరే పీకాలి. ఈ కర్ర మా నాయనది, మా నాయన బతికే ఉన్నాడు, ఫలానా ఆయనే అని చెప్పి, పీకి, తెచ్చి ఆయన చేతికియ్యి, తీసుకుంటాడు అంది. నాగరాజ తల ఊపాడు. అంతకంటే సులువైన పని లోకంలో ఉందా? ఒక్క మాట చెప్పాలి, ఒక కర్ర పీకాలి.

ఆదివారం కర్ర తీసుకుని పోయాడు. దారిపొడవునా మాటలు కూడబలుక్కున్నాడు. షెడ్డులోకి పోగానే కర్రను మళ్లీ అదే ఇసుక బకెట్లో దిగేశాడు, పీకడానికి ముందు నాటాలి కాబట్టి. అందరూ పాచికలు సర్దుకుంటున్నారు. బల్ల మీద రాజు సమాధి బొమ్మ గీసి ఉంది. నాగరాజ నిలబడే చెప్పాడు.

"ఒక మాట చెప్పాల. ఈ కర్ర మా నాయనది. మా నాయన సచ్చిపోలే, బతికే ఉండాడు. ఆ పొద్దు ఈడికొచ్చిన గొర్రెలాయనే మా నాయన."

గొంతు జీరపోయింది. ఈసారి నటన కాదు. తర్వాత మధుకుమార్ లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు. పక్కన నిలబడి చూస్తున్న గోపాలకృష్ణ వచ్చి బల్ల చరిచాడు. బతికున్న తండ్రిని చచ్చినవాడిగా చేసి లేపుకున్న మంత్రగాడట! ఆ ముసలాయన గుమ్మంలోకి రావడాన్ని కూడా కథలో కలిపేశాడట! ఇంత పాపం మూటగట్టుకున్న నెక్రోమాన్సర్‌ను బెంగళూరులో కూడా చూడలేదని, ఈ దెబ్బతో కర్ర మహిమ రెట్టింపు చేస్తున్నానని, రాజు కిరీటం కూడా నీకేనని మధుకుమార్ ఊగిపోయాడు. అసలు ఈ కర్ర ఇక్కడే ఉండాలి, ప్రతి ఆదివారం ఇక్కడి నుంచే మొదలుపెడదాం అన్నాడు.

వినుత ఒక్కతే చప్పట్లు కొట్టలేదు. ఆమెకు ఆ గుమ్మంలో నిలబడిన మొహం గుర్తుకొచ్చినట్టుంది. నాగరాజ మొహంలోకి తేరిపార చూసి, గొంతు తగ్గించి అడిగింది.

"నిజమేనా నాగరాజన్నా?"

ఇదిగో, తలుపు తెరిచి పెట్టింది దేవత లాంటి పిల్ల. అవునమ్మా అంటే చాలు. కర్ర పీకి భుజాన పెట్టుకుని పోవచ్చు. నాగరాజ ఆమెను చూశాడు. పాచిక పట్టుకుని తన మాట కోసం కాచుకున్న మధుకుమార్‌ను చూశాడు. అవునంటే ఏమవుతుందో కళ్లకు కట్టింది. చప్పట్లు ఆగిపోతాయి. కన్నతండ్రి మీద రాళ్లు విసిరేవాడా అంటారు, చెనిక్కాయలు తిన్నాడే అంటారు. బల్ల దగ్గర మళ్లీ ఎవరూ నాగరాజా అని పిలవరు. పొద్దున్నుంచి కూడబలుక్కున్న మాటలన్నీ నోట్లోనే ఎండిపోయాయి.

"ఆటే కదా మేడం," అన్నాడు.

కూర్చున్నాడు. పాచిక వేశాడు. పెద్ద అంకె పడింది. సమాధిలో చచ్చిన కాపరి లేచి, గంట చప్పుడుకు వాళ్ల వెనకే నడుస్తూ, రాజు సైన్యాన్నంతా మట్టి కరిపించాడు. అంత బాగా ఎన్నడూ ఆడలేదని అందరూ అన్నారు. పొద్దుగూకేవేళకు లేచినప్పుడు కర్ర ఇసుక బకెట్లోనే ఉంది. నాగరాజ దాని దగ్గర కొంచెంసేపు నిలబడ్డాడు. మధుకుమార్ తాళం చెవులు గలగలలాడిస్తూ, ఉండనీ, ఎవరూ ముట్టరు అన్నాడు. షెడ్డుకు తాళం పడింది.

ఇంటి దగ్గర రామాంజినమ్మ వాకిట్లోనే ఎదురుచూస్తోంది. దొడ్డి పక్కన బొమ్మన్న కూర్చుని ఉన్నాడు. ఆ పూట మాత్రం దక్షిణం వైపు కాదు, కొడుకు వచ్చే దారి వైపు మొహం పెట్టి కూర్చున్నాడు. తుండు దులిపి భుజాన వేసుకుని ఉన్నాడు, కర్ర చేతికొస్తే లేచి గొర్రెలను ఒక చుట్టు చూసి రావడానికి సిద్ధంగా.

"చెప్పినావా?" అంది రామాంజినమ్మ.

"చెప్పినా."

"ఏమన్నారు?"

"చప్పట్లు కొట్టినారు."

ఆమెకు అర్థం కాలేదు. కొడుకు చేతుల వైపు చూసింది. "కర్ర యాడప్పా?"

బొమ్మన్న ఆ ఖాళీ చేతులను చూశాడు. చూసి, నెమ్మదిగా, కూర్చున్న చోటే కూర్చుని మొహం దక్షిణానికి తిప్పుకున్నాడు. పోయిన ఆదివారం తర్వాత మొదటిసారి నోరు తెరిచాడు, అది కూడా పెళ్లాంతోనే.

"రేపట్నించి సంగటి నువ్వు పెట్టొద్దు మే. పెద్దోళ్లకు పెట్టాల్సింది కొడుకు."

రామాంజినమ్మ గడపలో కూలబడిపోయింది. ఎంత ఏడ్చినా, ఎంత బతిమాలినా ఆ మాట మారలేదు. మర్నాడు ఆమె పెట్టిన ముద్ద సాయంత్రం దాకా ఈగలు ముసిరి అలాగే ఎండిపోయింది. ఆ మర్నాడూ అంతే. మూడోరోజుకు ముసలాయన కళ్లు లోతుకు పోయి, కూర్చోలేక గోడకు జారగిలబడ్డాడు. పట్టు వదిలే మనిషి కాదని వాళ్లిద్దరికీ తెలుసు.

అప్పుడు నాగరాజ పొయ్యి దగ్గరికి పోయి తళిగెలో సంగటి పెట్టుకున్నాడు, పులుసు పోసుకున్నాడు, పక్కన ఉల్లిగడ్డ పెట్టాడు. తీసుకుపోయి నాయన ముందు పెట్టాడు. బొమ్మన్న చెయ్యి చాపలేదు, ఇంకా ఏదో కావాలన్నట్టు కాచుకున్నాడు. ఏం కావాలో నాగరాజకు తెలుసు. పేరు చెప్పాడు. చెప్పి, వెనక్కి తిరిగి నిలబడ్డాడు.

ఎదురుగా పార్కు అద్దాలు ఎండకు మెరుస్తున్నాయి. వెనక తళిగె నేల మీద కొంచెం జరిగిన చప్పుడైంది, ముద్ద తుంచి పులుసులో అద్దిన చప్పుడైంది. ఆకలి మీద ఉన్న ముసలి నోరు గబగబా నమిలి మింగుతోంది. ఒకసారి పొలమారి దగ్గు వచ్చింది. అటు తిరిగి నీళ్లు అందించాలని నాగరాజ చెయ్యి లేచింది, మళ్లీ దిగిపోయింది. పెద్దలు తింటుండగా చూడకూడదు. అతను చూడలేదు.